గేటు దాటిన తరువాత భద్రత: ద్విచక్ర వాహన చోదకులకు కొన్ని సూచనలు

కర్మాగారం లోపల అడుగుపెట్టే ప్రతి ఉద్యోగికి తలపై హెల్మెట్, కాళ్లకు సేఫ్టీ బూట్లు ఉండి తీరవలెనన్నది మనలో ఎవరూ ప్రశ్నించని నియమం. క్రేను కింద నడవరాదని, తిరిగే యంత్రం దగ్గరకు వదులు దుస్తులతో పోరాదని చేరిన తొలినాడే నేర్చుకుంటాము. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు ప్రతిజ్ఞ కూడా చేస్తాము. అయితే షిఫ్టు ముగిసి, మోటారు సైకిలు గేటు దాటిన మరుక్షణం ఈ క్రమశిక్షణ ఏమవుతున్నదన్నది ఆలోచించవలసిన విషయం.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ గేటు వద్ద పది నిమిషాలు నిలబడి చూసినవారికి సమాధానం దానంతట అదే దొరుకుతుంది. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్లు, అద్దానికి తగిలించిన హెల్మెట్లు, మోచేతికి వేలాడే హెల్మెట్లు వరుసగా కనిపిస్తాయి. సెక్యూరిటీ సిబ్బంది చూపు ఆనినంత దూరం తలపై ఉండి, మలుపు తిరగగానే ట్యాంకు మీదికి దిగేవీ ఉన్నాయి. భద్రత అన్నది తనిఖీ చేసేవారి కోసం కాదు, ఇంటి వద్ద ఎదురుచూసేవారి కోసం. ఈ దృష్టితోనే నిత్యం బండి నడిపే ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు ఉపయోగపడే కొన్ని విషయాలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

లెక్కలు చెప్పే సంగతి

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రచురించిన వివరాల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతులలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. సగటున రోజుకు 205 మంది.

మరొక అంకెను మరింత శ్రద్ధగా చూడవలసి ఉన్నది. అదే సంవత్సరంలో హెల్మెట్ ధరించకుండా మరణించినవారు 50,029 మంది. వీరిలో 35,692 మంది బండి నడుపుతున్నవారు కాగా, 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఆ పద్నాలుగు వేల పైచిలుకు మందిలో భార్యలు, తల్లులు, చెల్లెళ్లు, స్నేహితులు ఎందరో ఉండి ఉంటారు. ‘హెల్మెట్ నడిపేవాడికి మాత్రమే’ అన్న అపోహకు ఈ దేశం చెల్లిస్తున్న మూల్యం అది.

హెల్మెట్ చేసే పని ఏమిటి?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషి తల కదలని వస్తువుకు తగిలితే, ఆ తాకిడి సుమారు 6 మీటర్ల ఎత్తు నుండి, అంటే రెండంతస్తుల మేడ మీది నుండి కిందపడినదానితో సమానం. వేగం 60 అయితే ఆ ఎత్తు 14 మీటర్లు. ‘మెల్లగానే పోతున్నాము, ఊరిలోనే కదా’ అనే మాటలో ఎంత ప్రమాదం దాగి ఉన్నదో దీనివలన తెలుస్తుంది.

హెల్మెట్ పైనున్న గట్టి చిప్పే మనలను కాపాడుతుందని చాలామంది భావిస్తారు. అసలు పని చేసేది దాని లోపల ఉండే దళసరి థర్మోకోల్ వంటి పొర. దెబ్బ తగిలినప్పుడు ఈ పొర నలిగిపోతూ, తల ఒక్కసారిగా ఆగిపోకుండా కొద్ది సెంటీమీటర్ల మేర క్రమంగా ఆగేటట్లు చేస్తుంది. మెదడుకు చేరవలసిన తాకిడిని తాను స్వీకరిస్తుంది. ఒకసారి నలిగిన పొర తిరిగి యథాస్థితికి రాదు. కనుక ఒక ప్రమాదాన్ని భరించిన హెల్మెట్, పైకి చెక్కుచెదరకుండా కనిపించినా, దానిని పక్కన పెట్టవలసిందే.

హెల్మెట్ ప్రయోజనాన్ని వైద్యలోకం గుర్తించిన వైనం కూడా తెలుసుకోదగినది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిలు మీద నుండి పడి, తలకు తగిలిన గాయాలతో ఆరు రోజుల తరువాత మరణించాడు. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. ఆ తరువాత ఆయన మోటారు సైకిలు చోదకుల తల గాయాలపై పరిశోధన చేసి, హెల్మెట్ ఆవశ్యకతను వివరిస్తూ 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు. బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు చోదకులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. సామాన్య పౌరులకు అక్కడ ఈ నియమం రావడానికి మాత్రం 1973 వరకు పట్టింది. ఇటీవలి కాలంలో, అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2008లో వెలువడిన సమీక్ష ఒకటి, హెల్మెట్ వలన మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతాయని తేల్చింది.

ఇక్కడ మన ఉద్యోగులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. డ్యూటీలో వాడే పసుపు రంగు హెల్మెట్‌నే తలపై ఉంచుకుని బండి నడిపేవారు మనలో కొందరు ఉన్నారు. అది పైనుండి పడే వస్తువుల నుండి తలను కాపాడడానికి ఐ.ఎస్. 2925 ప్రమాణం ప్రకారం తయారైనది. మోటారు సైకిలు హెల్మెట్‌కు వర్తించేది ఐ.ఎస్. 4151 ప్రమాణం. ఫ్యాక్టరీ హెల్మెట్ చెవుల పక్కన, తల వెనుక, ముఖం ముందు రక్షణ ఇవ్వదు. కిందపడిన వెంటనే అది తల నుండి ఊడిపోయే అవకాశమే ఎక్కువ. పోలీసుల కళ్లు కప్పడానికి తప్ప రోడ్డు మీద దానివలన ప్రయోజనం లేదు.

కొనేటప్పుడు, ధరించేటప్పుడు

2021 జూన్ 1వ తేదీ నుండి మన దేశంలో ద్విచక్ర వాహన హెల్మెట్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. అయినప్పటికీ రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మే చౌకరకం సరుకు ఇంకా కనిపిస్తూనే ఉన్నది. గుర్తు పైన ఐ.ఎస్. 4151 అనే సంఖ్య, కింద సి.ఎం./ఎల్. అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. ఆ లైసెన్సు సంఖ్య అసలైనదో కాదో భారత ప్రమాణాల సంస్థ వారి ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చును. పండుగకు కొనే ఒక చీర ఖరీదులో మంచి హెల్మెట్ వస్తుంది. ఇక్కడ పొదుపు తగదు.

ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ అన్నిటికంటె మేలు. పడినప్పుడు గడ్డం, దవడ నేలకు తగలడం సర్వసాధారణం. సగం తలను మాత్రమే కప్పే టోపీ వంటి రకాలు ఆ భాగాలను కాపాడలేవు.

సైజు విషయంలో పిల్లల చొక్కాలవలె ‘కాస్త వదులుగా’ కొనడం పొరపాటు. హెల్మెట్ తలకు అంతటా సమంగా ఆని ఉండవలెను. బుగ్గలను మెత్తగా ఒత్తవలెను గాని నుదుటి వద్ద నొప్పి కలిగించరాదు. పట్టీ బిగించిన తరువాత వెనుక భాగాన్ని పట్టుకుని ముందుకు లాగి చూడండి. అది తల నుండి ఊడి వచ్చేటట్లయితే ఆ సైజు మీది కాదు. గడ్డం కింద పట్టీకి, చర్మానికి మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు చాలును. పట్టీ పెట్టుకోని హెల్మెట్, అసలు హెల్మెట్ లేకపోవడంతో సమానమే.

ఎండాకాలంలో చెమట భరించలేకనే తీసివేస్తున్నామని పలువురు చెప్పే మాట. మన ప్రాంతపు మే నెల ఎండలు తెలిసినవారెవరూ దీనిని కాదనలేరు. గాలి ఆడే రంధ్రాలు గల రకాన్ని ఎన్నుకొని, లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకుంటే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. తువ్వాలు వంటి మందపాటి గుడ్డ చుట్టరాదు. దానివలన హెల్మెట్ పైకి లేచి వదులవుతుంది. స్త్రీలు కొప్పు ముడి, పెద్ద క్లిప్పులు ఉంచుకుంటే హెల్మెట్ సరిగా కూర్చోదు. మెడ దగ్గర వదులుగా అల్లిన జడ అయితే సమస్య లేదు. పూలు గమ్యం చేరిన తరువాత పెట్టుకోవచ్చును.

లోపలి పొరను పెట్రోలుతో, థిన్నరుతో తుడవరాదు. అవి ఆ పొరను కరిగించివేస్తాయి. మామూలు సబ్బు నీరు చాలు. నల్లని అద్దం పగటిపూటకే పరిమితం. రాత్రి షిఫ్టు ఉన్నవారు తెల్లని అద్దమే వాడవలెను. గీతలు పడిన అద్దం ఎదుటి వాహనం లైటు పడినప్పుడు దారిని పూర్తిగా కనపడకుండా చేస్తుంది గనుక దానిని వెంటనే మార్చవలెను.

వెనుక కూర్చున్నవారి సంగతి

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం నాలుగేళ్లు పైబడిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనుక కూర్చునేవారైనా, హెల్మెట్ ధరించవలెను. 2019 సవరణ తరువాత దీనిని ఉల్లంఘించినవారికి వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత కూడా ఉన్నది. అయితే జరిమానాను పక్కన పెట్టి ఒక్క మాట ఆలోచించండి. నడిపేవాడు గుంతను ముందుగా చూసి సర్దుకుంటాడు, హ్యాండిలు పట్టుకుని ఉంటాడు. వెనుక ఒక పక్కకు తిరిగి, ఒడిలో సంచితో కూర్చున్న గృహిణికి ఆ రెండు అవకాశాలూ లేవు. ఇద్దరిలో హెల్మెట్ అవసరం ఎవరికి ఎక్కువో మనమే చెప్పుకోవచ్చును.

చీర కొంగు, చున్నీ, లుంగీ అంచు వెనుక చక్రంలో చిక్కుకొనడం మన దేశంలో తరచుగా జరిగే ప్రమాదం. అందుకే మోటారు వాహనాల నిబంధనలలో 123వది వెనుక కూర్చునేవారి కోసం పట్టుకునే కమ్మీ, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చక్రంలో బట్టలు చిక్కకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే గార్డు ఉండవలెనని నిర్దేశిస్తున్నది. అందం చెడుతున్నదని కొత్త బండికి శారీ గార్డు తీయించడం వివేకం అనిపించుకోదు. బండి ఎక్కగానే కొంగును నడుముకు చుట్టి దోపుకొనడం, చున్నీని ముందుకు తీసి ముడి వేసుకొనడం అలవాటు చేసుకోవలెను. వర్షంలో వెనుక కూర్చుని గొడుగు పట్టడం ఎంతమాత్రం తగదు. గాలికి గొడుగు విచ్చుకుంటే మనిషినే లాగివేస్తుంది.

పసిబిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకొనడం ముచ్చటగా కనిపిస్తుంది గాని, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ బిడ్డ హ్యాండిలుకు, తండ్రి బరువుకు మధ్య నలిగిపోతుంది. 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చిన నియమం ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకుపోయేటప్పుడు బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ వాడవలెను. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తలకు సరిపడే హెల్మెట్ పెట్టవలెను. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. నలుగురు సభ్యుల కుటుంబానికి ఒక్క బండి చాలదన్న మాట నిజమే. పెళ్లికో గుడికో అందరూ కదిలిన రోజున ఆటో ఖర్చును భద్రత ఖర్చుగా భావించడమే ఉచితం.

తల ఒక్కటే కాదు

కిందపడే మనిషి అసంకల్పితంగా చేతులు చాస్తాడు. కనుక అరచేతులు మొదట నేలకు రాసుకుంటాయి. అరచేతి వైపు తోలు గల గ్లవ్స్ వేసుకుంటే ఈ గాయాలు చాలావరకు తప్పుతాయి. ఖరీదైన జాకెట్ అందరికీ సాధ్యం కాకపోవచ్చును. మందపాటి జీన్స్ వంటి గుడ్డతో కుట్టిన పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు కూడా పలుచని దుస్తులకంటె మేలు. వీలైనవారు మోచేతులకు, మోకాళ్లకు గార్డులు గల రకాన్ని కొనవచ్చును.

హవాయి చెప్పులతో బండి నడపడం మానవలెను. గేరు వేసేటప్పుడు, బ్రేకు తొక్కేటప్పుడు చెప్పు జారితే ప్రమాదం. మడమను, చీలమండను కప్పే బూట్లు ఉత్తమం. ఈ విషయంలో డ్యూటీ బూట్లు ఇంటివరకూ పనికివస్తాయి. తాడు ముడులు మాత్రం ఫుట్‌రెస్టులో, చైనులో చిక్కకుండా లోపలికి దోపుకోవలెను.

రాత్రి డ్యూటీకి పోయేవారు నల్లని దుస్తులలో ఉంటే లారీ డ్రైవరుకు కనిపించరు. హెల్మెట్ వెనుక, సంచికి, బండి వెనుక మడ్‌గార్డుకు వెలుగును ప్రతిఫలింపజేసే స్టిక్కర్లు అంటించుకొనడానికి అయ్యే ఖర్చు ఒక పూట టిఫిను పాటి. 2017 ఏప్రిల్ నుండి తయారైన బండ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలిగే ఉంటుంది. ‘లైటు వెలుగుతున్నది’ అని ఎవరైనా సైగ చేస్తే కంగారుపడి ఆర్పడానికి ప్రయత్నించనవసరం లేదు. మనం ఎదుటివారికి కనపడడానికే ఆ ఏర్పాటు.

బండి సంగతి

యంత్రాల నిర్వహణలో ఆరితేరిన మన ఉద్యోగులకు ఈ విషయం ఎక్కువగా చెప్పనవసరం లేదు. వారానికి ఒకసారి, బండి చల్లగా ఉన్నప్పుడు రెండు టైర్లలో గాలి ఒత్తిడి సరిచూడవలెను. టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు అరిగితే ఆ టైరును మార్చి తీరవలెను. మన వర్షాలకు అంతవరకు కూడా ఆగకపోవడమే మంచిది. బయలుదేరే ముందు ముందు బ్రేకు, వెనుక బ్రేకు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారను చూసుకొనడానికి అర నిమిషం చాలు. చైను బిగువు బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన కొలతకు ఉండవలెను. అద్దాలు తీసివేసి నడపడం, కళ్లకు గంతలు కట్టుకొని వెనుకకు నడవడం వంటిది.

రోడ్డు మీద

ముందు బ్రేకు వేస్తే బండి బోల్తా పడుతుందన్న భయం మనలో చాలామందికి ఉన్నది. నిజానికి బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది గనుక బండిని ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉన్నది. హ్యాండిలు తిన్నగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి, క్రమంగా బిగించడం సరైన పద్ధతి. మలుపులో, ఇసుకలో, తడి రోడ్డు మీద ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టరాదు. ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో దీనిని సాధన చేయడం మంచిది. 125 సి.సి. మించిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. అమర్చడం 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయినది. అంతకంటె చిన్న బండ్లలో కనీసం రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు ఉంటుంది. ఇవి మన జాగ్రత్తకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నవారు ప్రమాదాన్ని గమనించి బ్రేకు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ సెకనులోనే 11 మీటర్లు ముందుకు పోతారు. బ్రేకు పట్టిన తరువాత ఆగడానికి మరి 10 మీటర్లు. మొత్తం 21 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో ఇదే దూరం 40 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం దాదాపు రెండింతలు అయినది. కర్మాగారం నుండి ఆరు కిలోమీటర్ల దూరంలో ఇల్లు ఉన్న ఉద్యోగి, దారి పొడవునా 40కి బదులు 60 వేగంతో పోయినా మిగిలేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలతో ఇంట్లో ఏమి చేస్తామన్నది ఎవరికి వారే ప్రశ్నించుకోవలెను.

మన రోడ్లకు ప్రత్యేకమైన అపాయాలు కొన్ని ఉన్నవి. తొలకరి చినుకులు పడిన కొద్ది నిమిషాలు, దుమ్ము, నూనె కలిసి రోడ్డు సబ్బు రాసినట్లు ఉంటుంది. కోతల కాలంలో పల్లెల మీదుగా పోయే రోడ్లపై ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు చీకటిలో కనపడవు. సంధ్యవేళ ఇంటిదారి పట్టే గేదెల మందలు, వెనుక లైటు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీలు, ఎదురుదారిలో వచ్చే ట్రాక్టర్లు మనకు కొత్త కాదు. చీకటి పడిన తరువాత మన లైటు వెలుగులో కనిపించేంత దూరంలో ఆగగలిగే వేగమే మన వేగం కావలెను. లారీ ఎడమ పక్కన, దాని డ్రైవరుకు కనిపించని చోట, బండిని సాగనీయరాదు.

సి షిఫ్టు ముగించుకుని తెల్లవారి ఇంటికి పోయేవారికి నిద్రమత్తు పెద్ద శత్రువు. కళ్లు బరువెక్కుతున్నట్లు తోచినప్పుడు క్యాంటీనులో టీ తాగి, ముఖం కడుక్కొని, అప్పటికీ తగ్గకపోతే పావుగంట కునుకు తీసి బయలుదేరడంలో నామోషీ లేదు. మద్యం విషయంలో చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. ‘కొంచెం తాగితే ఏమీ కాదు’ అన్న లెక్క కన్నా, తాగిన రోజున బండి తాళం ముట్టరాదన్న లెక్కే క్షేమం. సెల్‌ఫోనును హెల్మెట్‌లో ఇరికించుకొని మాట్లాడడం కూడా ఇటువంటిదే.

కాలనీ రోడ్లే కదా అని పదో తరగతి చదివే పిల్లలకు బండి తాళం ఇచ్చే తల్లిదండ్రులకు ఒక మనవి. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషను రద్దు విధించే సెక్షను 2019లో చట్టంలో చేరినది. అంతకుమించి, బిడ్డకు ఏదైనా జరిగితే తీర్చలేని నష్టం మనదే.

ప్రమాదం జరిగితే

పడిపోయినవారిని ఒక్కసారిగా లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం మన అలవాటు. ఇవి రెండూ తగవు. మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉంటే కదలిక వలన శాశ్వతంగా పక్షవాతం రావచ్చును. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయరాదు. అద్దం పైకెత్తి, పట్టీ వదులు చేస్తే చాలును. ఊపిరికి అడ్డమైనప్పుడు మాత్రం ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకొనగా మరొకరు మెల్లగా తీయవలెను. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి ఉంచి, 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను.

‘పోలీసు కేసులో ఇరుక్కుంటామేమో’ అని వెనుకాడనవసరం లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను సాయం చేసినవారికి రక్షణ కల్పిస్తున్నాయి. పేరు చెప్పమని వారిని ఎవరూ బలవంతం చేయరాదు. క్షతగాత్రులకు మొదటి ఏడు రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. పర్సులో పేరు, రక్తపు గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచుకొనడం ప్రతి ఉద్యోగీ ఈ రోజే చేయగలిగిన పని. లైసెన్సు, బీమా గడువు తేదీలు కూడా అప్పుడే చూసుకోవచ్చును.

యంత్రానికి గార్డు లేనిదే మనం స్విచ్చి వేయము. ఇంటికి పోయే దారిలో మన శరీరానికి మనమే గార్డు అమర్చుకోవలసి ఉన్నది. ఈ సంచిక ఇంటికి చేరిన తరువాత కుటుంబ సభ్యులు దీనిని చదివి, బండికి ఎన్ని హెల్మెట్లు ఉన్నవో లెక్కపెట్టవలెనని మా కోరిక. ఒక్కటే ఉన్న ఇంట్లో, రెండవది వచ్చే జీతం వరకు ఆగకుండా రావలెను. గుమ్మం దగ్గర బండి తాళం తగిలించే మేకుకే ఆ రెండు హెల్మెట్లు కూడా వేలాడితే, తాళం తీసిన చేయి వాటిని మరచిపోదు.